మట్టికిచ్చిన పుస్తకం

ఫింకెల్ గారికి పాత పుస్తకాల పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. అచ్చుయంత్రాలు పుట్టిన తొలి రోజుల్లో వేసిన హీబ్రూ ప్రార్థన పుస్తకం ఫలానా చోట ఉందంటే చాలు, అన్నం మానేసి కారు తీస్తాడు. విండ్సర్‌లో ఒక్క పార్ట్‌టైమ్ జాబ్‌కి వందమంది స్టూడెంట్లు క్యూ కడుతున్న రోజులవి. ఆ పుస్తకాల దుమ్ము దులిపే పని, మన దేశం నుంచి చదువుకోడానికొచ్చిన నిఖిలకు దొరకడమే గొప్ప.

ఆయన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే అపురూపమైన పుస్తకానికి మొదటి పేజీ లేదు. అలాంటిదే ఇంకో ప్రతి ఆ ఊళ్లోనే ఉంది. మిగతాదంతా చిరిగి పీలికలైనా దాని మొదటి పేజీ చెక్కుచెదరలేదు. యజమాని అమ్మనంటే అమ్మనన్నాడు. ఇప్పుడాయన పోయాడు. పాడైన పవిత్ర గ్రంథాన్ని యూదులు పారెయ్యరు, మనిషిని పూడ్చినట్టే పూడుస్తారు. ఆయన భార్య మిరియం ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, భర్త పక్కన పెట్టడానికి శ్మశానానికి తీసుకురమ్మని ఫింకెల్‌కిచ్చింది. పుస్తకాల విలువ తెలిసినవాడని నమ్మకం.

నిఖిలను వెంటబెట్టుకొచ్చిన ఫింకెల్ శ్మశానం గేటు బయటే కారాపాడు. తనలాంటి పూజారుల వంశంవాళ్లు శ్మశానంలో అడుగు పెట్టకూడదట. ఆ నియమం మాత్రం బాగానే గుర్తుంది ఆయనకు.

"లోపలికి నువ్వు తీసుకెళ్లు. దానికంటే ముందు మొదటి పేజీ తీసి నాకివ్వు. నేను తియ్యకూడదు. నీది మా మతం కాదుగా, నీకది ఉత్త కాగితమే" అన్నాడు.

నిఖిలకు ఒళ్లు మండింది. కాలు తగిలితే కరెంటు బిల్లునైనా కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టింది తను. ఉత్త కాగితమట! పుస్తకం పట్టుకుని కారు దిగి, రూమ్మేట్ భ్రమరాంబకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఒక్క కాయితమే గదనే, తీసియ్యరాదు! ఈ జాబ్ పోతే మళ్ల ఏడ దొరుకుతదే?"

నిఖిల గేటు దాకా వెళ్లింది, కారు దాకా వచ్చింది, మళ్లీ గేటు దాకా వెళ్లింది. గుడ్డ విప్పింది. పేజీ కుట్టు ఊడే ఉంది, వేలు పెడితే వచ్చేస్తుంది. లోపల్నించి మిరియం చెయ్యి ఊపి పిలిచింది. నిఖిల గబగబా గుడ్డ చుట్టేసి నడిచింది. మిరియం పుస్తకాన్ని అందుకుని ముద్దు పెట్టుకుంది. పుస్తకం మీద మట్టి పూర్తిగా పడేదాకా నిఖిల అక్కడే నిలబడింది.

తిరిగొచ్చి కారెక్కగానే ఫింకెల్ చెయ్యి చాపాడు.

"తేలేదు సార్."

ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పేజీ పోయినందుకో, సిగ్గుతోనో ఆమెకు తెలియలేదు. కారు ఫింకెల్ ఇంటి ముందాగింది.

"రేపట్నించి రావద్దా సార్?" అని నిఖిలే అడిగింది.

ఆయన ఆమె మొహం చూడకుండా, గుత్తిలోంచి పుస్తకాల బీరువా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రా. మిరియంలా నన్ను నమ్మి, దాచమని పుస్తకాలిచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది నా దగ్గర కాదు, నీ దగ్గరుండనీ."