గూడ్సు కింద దారి

మా పైడికి మాటలొచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో ఎవరింట ఏం కూరో అందరికీ తెలిసిపోయేది. మూడో ఏడు నడుస్తున్న గుంట, నా కొడుకు కూతురు. పక్కింటి పోతమ్మ గుమ్మంలో నిలబడి, "మా అయ్య గురక పెడతన్నాడు, మా అమ్మ ఏడిసింది, మా ఇంట్లో నెత్తళ్ల చేపల కూర" అని ఒక్క ఊపిరిలో చెప్పీసేది. కాలూ అంతే, ఒక్కచోట నిలవదు. అరుగు కనబడితే దూకాలి, కోడి కనబడితే తోక పట్టాలి.

ఎమర్జెన్సీ ఎత్తీసిన ఏడు అది. కంచరపాలెంలో రైలుకట్టని ఆనుకునే మా ఇల్లు. కొడుకు ఎల్లాజీకి పోర్టులో పని. రాత్రి డ్యూటీ పడితే పగలు పడుకోవాలి. ఉన్నది ఒక్క గది, ఈ గుంట లోపలుంటే ఇంకేం నిద్ర? అంచేత దాన్ని బయట తిప్పడం నా వంతు.

మాకు కుళాయి కట్టకి అవతల. సరిగ్గా నీళ్లొచ్చే వేళకే గూడ్సు బండొచ్చి సిగ్నల్ కోసం అడ్డంగా ఆగేది. రైలు గేటు దాకా పోయి చుట్టు తిరిగొస్తే ఈలోగా నీళ్లు కట్టీసేవారు. అందుకని ఆడోళ్లమంతా బిందె ముందుకి తోసి, చీర దోపుకుని, పెట్టె కిందనుంచి దూరీసేవాళ్లం. చంకలో పిల్లల్తోటే. కదిలే ముందు కూతేస్తాది కదా, ఈలోగా అవతలుంటాం అని ధీమా. కడుపుతో ఉన్నోళ్లు కూడా దూరేవారు. మా పెరటి గుమ్మం అన్నట్టే.

ఆ రోజు నీళ్లు కట్టీసేరు, ఆడోళ్లు ఇళ్లకొచ్చీసేరు, బండి మాత్రం ఇంకా నిలబడే ఉంది. కోడలు కాంతం పొయ్యి దగ్గరుంది. నాను గుమ్మంలో బియ్యం చెరుగుతన్నాను, పక్కన పైడి కోడికి బుద్ధి చెప్తంది. ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. దాని మాట ఆగిందంటే ఏదో పని మొదలెట్టిందనే. చేట పడేసి లేచేను.

"మామ్మా! నాను వచ్చీసేను! నువ్వూ రా!"

గూడ్సుకి అవతల్నుంచి ఆ గొంతు. వంగి చూసేను కదా, చక్రాల సందున రెండు చిట్టి పాదాలు. అప్పుడే ఇంజను కూతేసింది. పెట్టెలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని కుదిపేయి. ఆ పాదాలు నావైపు తిరిగేయి.

రావద్దంటే వచ్చే రకం అది. ఏం చెయ్యను?

"పైడీ! అక్కడేటున్నాదే? నాకు కనబడ్డం లేదు, సెప్పు!"

పాదాలు ఆగేయి. "మేక!"

"ఏ రంగు?"

"నల్లది! గెడ్డం ఉంది!"

"ఏటి తింటంది? దగ్గరికెళ్లి సూసి సెప్పు!"

ఏదో చెప్పింది. చక్రాల చప్పుడులో ఒక్క ముక్కా వినబళ్లేదు. పాదాలూ కనబళ్లేదు. నాను మాత్రం అరుస్తూనే ఉన్నాను, ఇంకా ఏటి, ఇంకా ఏటి అని. కాంతం లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, నడుస్తున్న బండి కిందకే వంగిపోయింది. జడ పట్టుకుని వెనక్కి లాగేను. పెట్టె తరవాత పెట్టె, తోక రాదే!

బండి పోయింది. అవతల రాళ్లమీద పైడి మేక చెవి పట్టుకుని కూర్చునుంది. "మామ్మా, కాగితం తింటంది! నువ్వు రాలేదేటి?"

కాంతం దాన్ని ఎత్తుకుని గొల్లుమంది. గోలకి నిద్రలేచి ఎల్లాజీ లుంగీ బిగించుకుంటూ వచ్చేడు. సంగతి విని చెయ్యెత్తేడు.

"ఎవులు నేర్పేరే నీకీ దూరడం?"

అది బెదిరితే కదా. వేలు చూపించి, "అమ్మ. మామ్మ. పోతమ్మత్త. నువ్వూ దూరతావు కదయ్యా, క్యారేజీ పట్టుకుని!" అంది.

ఎత్తిన చెయ్యి దించీసి లుంగీ ముడి సర్దుకున్నాడు వాడు. కాంతం బిడ్డ నెత్తిన చెయ్యేసి, ఇంక ఈ జన్మలో బండి కింద దూరనని ఒట్టేసుకుంది.

మర్నాడు కుళాయి వేళకి మళ్లీ గూడ్సు నిలబడింది. కాంతం బిందె నడుముకెత్తి గేటు వైపు నడిచింది. వెనకాలే నాను, నా చంకలో పైడి.

"ఓలమ్మ, కాంతం గేటు దొరసానైపోయిందర్రా!" పోతమ్మ అప్పటికే చీర దోపుకుంది. "నువ్వెళ్లేసరికి కుళాయి కాడ కాకులుంటాయి, ఆటితో కబుర్లాడుకో!"

కాంతం నాలుగడుగులేసి ఆగింది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ఎల్లాజీ డ్యూటీ దిగొచ్చి, ఒంటినిండా దుమ్ముతో గుమ్మంలో కూర్చునున్నాడు.

"అత్తా," అంది నా మొహం చూడకుండా, "ఈ ఒక్క పూటే."

నాను వద్దనేలోగా బిందె ముందుకి తోసింది.

"అమ్మ వంగింది!" అని చప్పట్లు కొట్టింది పైడి.

గబుక్కున అరచేత్తో దాని కళ్లు మూసీసేను. అది నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, సందులోంచి చూస్తూనే ఉంది.