వసుంధర ఎంచిన గోల్‌కీపర్

శనివారం మధ్యాహ్నం కోదండం గారి జట్టు మొత్తం ఆయన అపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడి ఉంది. పదకొండు మంది, జెర్సీలతో, బూట్లతో. హైమవతి వాళ్ళ మధ్య దారి చేసుకుంటూ పైకి ఎక్కుతోంది.

ఆఫీసులో వాళ్ళంతా ఫోన్లలో ఆడుకునే ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌ని నడిపేది ఆమే. ఎవరికి వాళ్ళు అసలు ఆటగాళ్ళని ఎంచుకుని జట్టు కట్టుకుంటారు. మైదానంలో వాళ్ళు ఆడినదాన్ని బట్టి ఇక్కడ పాయింట్లు. భార్య వసుంధర పోయినప్పటి నుంచి కోదండం గారు జట్టు వంక చూడలేదు. ఆయనతో తలపడ్డవాళ్ళు ఊరికే గెలిచేస్తున్నారు. మిగతావాళ్ళు ఊరుకోవడం లేదు. ఇవాళ ఆట మొదలయ్యేలోపు ఆయన జట్టు సరిచెయ్యకపోతే లీగ్‌లోంచి తీసెయ్యాల్సిందేనట.

కాలికి సిమెంటు కట్టు ఉన్న గోల్‌కీపర్ ఆమె చున్నీ పట్టుకుంటాడు.

"నన్ను కూర్చోబెట్టమని చెప్పండమ్మా. నిలబడలేకపోతున్నాను."

తలుపు తీసే ఉంది. హాలు పొడవవుతోంది. ఆ చివర కుర్చీలో కోదండం గారు బఠాణీ గింజంత కనబడుతున్నారు. నడిస్తే అందేలా లేదని హైమవతి సోఫా పక్కన ఆగి ఉన్న ఆటో ఎక్కుతుంది.

"మీటరు వెయ్యవా బాబూ?"

"ఇళ్ళలో మీటరు తిరగదు మేడమ్."

కిటికీలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. తీసెయ్యాల్సి వస్తే ఆ పని తన వేలితోనే చెయ్యాలి.

"ఈ జట్టు వసుంధర ఎంచిందమ్మా," అంటారు కోదండం గారు, ఆమె ఇంకా ఆటో దిగకముందే. "ఆస్పత్రిలో, ఆఖరిసారి. ఇప్పుడు మారిస్తే తను తప్పు ఎంచినట్టవుతుంది."

హైమవతి ఆటో దిగుతుంది. "మేడమ్ గారు ఎంచినప్పుడు ఆ కాలు బాగానే ఉంది సార్. తర్వాత విరిగింది."

వంటింట్లోంచి జనం హోరు పెరుగుతోంది.

"అయితే ఎవర్ని పెట్టను?"

"నేను చెబితే తొండి అవుతుంది సార్. తొందరగా."

ఆయన బొటనవేలు ఫోను మీద దిగుతుంది. మెట్ల మీద ఎవరో బరువుగా కూలబడిన చప్పుడు. వంటింట్లో ఈల మోగుతుంది.

హైమవతి వెళ్ళి తలుపు తోస్తుంది. లోపల గట్టు లేదు, పొయ్యి లేదు; మైదానం. పచ్చికని అవతల నుంచి ఎవరో, ఆరిన చీర మడత పెట్టబోతున్నట్టు, ఎత్తి పట్టుకున్నారు. ఈ కొస ఆమె చేతుల్లోకి వస్తుంది, తడిగా, బరువుగా. అవతలి మనిషి కనబడటం లేదు కానీ, హైమవతి ముడతలు పోయేలా ఒక్కసారి గట్టిగా దులుపుతుంది.

పచ్చిక మీదున్న ఆటగాళ్ళంతా గాల్లోకి లేస్తారు. ఇంకా ఎవరూ కిందికి రాలేదు.