మోతీ కుడిచెయ్యి

చచ్చిపోయిన మనిషి కుడిచేతికి నాలుగు వేళ్లు మొలిపించమని మాకు హుకుం వచ్చింది. ఇచ్చినవాడు క్వారీ కాంట్రాక్టర్ బాలకృష్ణ. మోసుకొచ్చినవాడు మా ఓనర్ రామ్‌చందర్. చెయ్యాల్సినదాన్ని నేను, మలికాను. రాళ్లు మోసేవాళ్లూ, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లూ, చదువుకునేవాళ్లూ ఈ సంగతి వినాలి. నేనెంత భయపడ్డానో దాచను. బాలకృష్ణ లాంటివాళ్ల పని నడిచిందే మా భయం మీద.

2009 వానాకాలం. ఖానాపురం హవేలిలో మేడ మీద ఒక గది, నాలుగు కంప్యూటర్లు. కంప్యూటర్లో మనిషి బొమ్మల్ని తయారుచేసి, వాటిని నడిపించి సినిమాలు తీసివ్వడం మా పని. బొమ్మ కొనుక్కొచ్చిందే. నున్నటి ఒళ్లు, ఏ ఊరివాడో తెలియని ముఖం. దాన్ని ఫలానా మనిషిగా మార్చాలంటే చెంపలు నొక్కాలి, నడుము వంచాలి, పొట్ట తగ్గించాలి. ఆ మార్పులన్నీ దాచిపెట్టుకుంటాం.

రెండేళ్ల కిందట కారేపల్లి అవతల, అడవి అంచున ఉన్న క్వారీ కోసం పనిలో జాగ్రత్తల గురించి సినిమా తీశాం. అందులో బొమ్మ కోసం మోతీ అనే కూలీని తీసుకొచ్చారు. మా నాన్న రజాక్ టైలరు. ఆయన టేపుతో మోతీని నేనే కొలిచాను. రాళ్లు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగిపోయింది. కుడిచేతికి చిటికెన వేలు ఒక్కటే ఉంది. మిగతా నాలుగూ ఎప్పుడో క్రషర్ మింగేసింది. "కొల్వు బిడ్డా, సిగ్గేంది?" అని నవ్వాడు.

ఆ మోతీ ఇప్పుడు లేడు. పోయిన నెల, కూలీలు క్వారీ గుంటలో ఉండగానే, తప్పుకొమ్మని కేక వెయ్యకుండా మందుగుండు పేల్చారు. శుక్రవారం ప్రభుత్వ అధికారి ముందు విచారణ. మోతీయే మందు పక్కన బీడీ ముట్టించాడని బాలకృష్ణ మా బొమ్మల సినిమా చూపిస్తాడట. అది నమ్మితే తప్పంతా చచ్చినవాడిది. బతికున్నవాళ్లు మళ్లీ అదే గుంటలోకి దిగాలి.

ఈ రెండేళ్లలో కొత్త రకం బొమ్మ వచ్చింది. పాతదాని ఆకారం దానికి ఎక్కించాలి. బొమ్మ ఒంటి ఆకారాన్ని చుక్కలే నిలబెడతాయి; రెండింటి చుక్కలూ ఒకదానికొకటి కలవవు. కొత్త జాకెట్టుకి కొలతగా పాత జాకెట్టు ఇస్తారే, ఆది, అట్లా పాత బొమ్మ మాకు ఆది. కొత్తదాని మీద దాన్ని పరిచి, ఎక్కడ లోపలికి పోయిందో, ఎక్కడ పొడుచుకొచ్చిందో చుక్క చుక్కా దించుకోవాలి. ఏ భాగం దించాలో దాని పేరు పక్కన టిక్కు పెడతాం. భుజం దిగింది. పక్కటెముకలు తేలాయి. చేతి దగ్గర మాత్రం కొత్త బొమ్మ వేళ్లు ముడుచుకుపోయి ముద్దయ్యాయి.

"కుడిచెయ్యి కాడ టిక్కు తీసెయ్," అన్నాడు రామ్‌చందర్. "కొత్త బొమ్మ చెయ్యే ఉంటది. అగ్గిపుల్ల పట్టాలె గద."

"మోతీకి వేళ్లు లేవు సార్."

"ఎవలడిగిండ్రు? బాలకృష్ణ మనుషులు కింద జీపుల ఉన్నరు. మీ నాయిన దుకాణం యాడుందో వాళ్లకెర్కే."

టిక్కు తీసేశాను. ఐదు వేళ్లూ చక్కగా విచ్చుకున్నాయి. తూ, ఇంత సులువా! ఆది చేతిలో ఉంచుకుని ఇష్టమొచ్చినట్టు కత్తిరించే టైలర్ని మా నాన్న దొంగ అంటాడు. నేను చేసింది అదే.

పక్క కుర్చీలోని శ్యామలది కారేపల్లి. ఇదంతా విన్నది. మర్నాడు రామ్‌చందర్ రాకముందే మోతీ భార్య హేమ్లినీ, పాతికమంది క్వారీ కూలీలనూ మెట్లెక్కించి తీసుకొచ్చింది.

హేమ్లి తెర ముందు నిలబడింది. "గదే భుజం. గదే నడుము," అంది. తర్వాత తెర మీద వేలు పెట్టింది. "ఈ చెయ్యి ఎవల్ది?"

"నేనే పెట్టిన అక్కా. భయమైంది."

"మాకు గాదా భయం?" లాలి అనే ముసలామె వెనక నుంచి అరిచింది. "దినాం గుంటల దిగేది ఎవలు?"

"ఆమె మీద ఒర్రుడెందుకు?" శ్యామల అడ్డం వచ్చింది. "మేం గూడ జీతానికున్నోళ్లమే."

కంప్యూటర్లు పగలగొడదామన్నారు కొందరు. పగలగొడితే ఇంకో దుకాణంలో చేయించుకుంటాడన్నారు ఇంకొందరు. గంటసేపు అరుచుకున్నాక హేమ్లి తేల్చింది: "చూపియ్యనియ్యి వాని సినిమా. నువ్వు పాత బొమ్మ పట్టుకరా."

"నా మీద కేసు పెడతరు అక్కా."

"పెడతరు. నిన్నొక్కదాన్నే పోనియ్యం."

శుక్రవారం విచారణ జరిగే ఫంక్షన్ హాలు క్వారీ జనంతో నిండిపోయింది. గోడ మీద ఐదు వేళ్ల మోతీ అగ్గిపుల్ల గీశాడు. "అసలు కొలతల మీదనే తీసినం సార్," అన్నాడు బాలకృష్ణ.

నేను లేచాను. "ఆ కొలతలు తీసింది నేను సార్. పాత బొమ్మ చూడుండ్రి."

గోడ మీద అదే భుజం, అదే నడుము. చేతికి ఒకటే వేలు.

బాలకృష్ణ తడుముకోలేదు. "ఏమైంది? గా చేత్తోని గూడ గీయచ్చు."

హేమ్లి అగ్గిపెట్టె తీసింది. పెట్టె ఎడమ చేత పట్టి, కుడిచేతి నాలుగు వేళ్లూ మడిచి, చిటికెన వేలితో పుల్ల పట్టబోయింది. పుల్ల జారిపడింది. అగ్గిపెట్టె లాలికి ఇచ్చింది. ఆమె చేతిలోంచీ పడింది. అట్లా వరసగా అందరి చేతులూ తిరిగింది. పుల్లలు నేల మీద పడుతున్న చప్పుడొక్కటే. చివరికి హేమ్లి దాన్ని అధికారి బల్ల మీద పెట్టింది.

"నువ్వు గీయి సారూ."

ఆయన నాలుగు వేళ్లు మడిచాడు. పుల్ల వంక చూశాడు. విచారణ వాయిదా అని రాసి లేచిపోయాడు. కానీ ఆ సినిమాను మళ్లీ గోడ మీద వెయ్యడానికి బాలకృష్ణకు మొహం చెల్లలేదు.

బయట పోలీసు జీపు ఉంది. ఆఫీసు సొత్తు దొంగిలించానని రామ్‌చందర్ ఫిర్యాదు కాగితం పెట్టాడు. నన్ను ఎక్కించారు. నా వెనకే హేమ్లి ఎక్కింది, తర్వాత శ్యామల, తర్వాత లాలి. మిగతావాళ్లు చక్రాల ముందు కూర్చున్నారు.

"దిగుండ్రి! మీ పేర్ల మీద కేసు లేదు," అన్నాడు పోలీసాయన.

"రాసుకో," అంది హేమ్లి. "కేకెయ్యకుంట పేల్చే గుంటల రేపటి సంది ఒక్కలు దిగరు. అది గూడ రాసుకో."

భయం తగ్గిందని చెబితే అబద్ధమే. ధైర్యం కోసం హేమ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి నాకంటే ఎక్కువ వణుకుతోంది. అయినా దిగలేదు.