సింధుకు ఇద్దరు అన్నలు

సూర్యాపేటలో జానకమ్మ ఇంటి పై పోర్షన్‌లో సింధు, శ్రీజ కిరాయికి ఉండేవాళ్లు. ఇద్దరూ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సులు. అక్కడే డయాలసిస్ టెక్నీషియన్‌గా చేసే ధన్‌సింగ్ ఊళ్లో ఎక్కడా రూము దొరక్క, దవాఖాన స్టోర్ రూములో పడుకునేవాడు. అది చూడలేక శ్రీజ జానకమ్మతో అబద్ధమాడింది. సింధు వాళ్ల అన్న మహేష్‌కు ఇక్కడ ఉద్యోగం వచ్చిందని, తమతోనే ఉంటాడని చెప్పింది. జానకమ్మ సరేనంది. మహేష్ పేరుతో వచ్చిన ధన్‌సింగ్‌కు ముందు గది ఇచ్చి, లోపలి గదిలో వాళ్లిద్దరూ సర్దుకున్నారు. "మీ అన్న నెమ్మదస్తుడు బిడ్డా" అని జానకమ్మ మెచ్చుకున్నప్పుడల్లా సింధు మొహం తిప్పుకునేది.

ఒక ఆదివారం పొద్దున ముగ్గురూ ఉప్మా తింటుండగా కింద గేటు చప్పుడైంది.

"ఎవరు కావాలె బిడ్డా?" జానకమ్మ గొంతు.

"సింధు అన్నను. మోతె నుంచి వచ్చిన."

"సింధు అన్న పైన ఉన్నడు గదా. ఇంకో అన్ననా?"

"లేడే. నేనొక్కణ్ణే."

అది సింధు సొంత అన్న వెంకట్ గొంతు. సింధు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి.

శ్రీజ ధన్‌సింగ్ చెయ్యి పట్టి లాగింది. "బాత్రూంల ఉండు. నేను ఏదన్న చెప్త."

అతను కదల్లేదు. "దాక్కుంటే చెయ్యని తప్పు చేసినట్టయితది."

సింధు తలుపు తీసింది. వెంకట్ వెనకాలే జానకమ్మ ఆయాసపడుతూ వచ్చింది. వెంకట్ చూపు దండెం మీది లుంగీ దగ్గర ఆగి, ధన్‌సింగ్ మీదికి మళ్లింది.

"వీడెవడు?"

"ధన్‌సింగ్. నాతోటి పనిచేస్తడు. ముందు రూముల ఉంటున్నడు."

వెంకట్ అతని కాలరు పట్టుకున్నాడు. సింధు ఇద్దరి మధ్యకు దూరింది. "చెయ్యి తియ్యి అన్నా. అబద్ధమాడింది మేము. ఎవ్వరూ రూము ఇయ్యకుంటే మేమే రమ్మన్నం."

"సూర్యాపేటల రూములకు కరువొచ్చిందా?"

"లంబాడి తండా పిలగాణ్ణి అన్నా," ధన్‌సింగ్ అన్నాడు. "పేరు సెప్పంగనే ఖాళీ లేదంటరు."

వెంకట్ కాలరు వదిలాడు. కోపం మాత్రం తగ్గలేదు.

సింధు జానకమ్మ వైపు తిరిగింది. "అసలు పేరు చెప్తే మీరు ఇస్తుంటిరా ఆంటీ?"

జానకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇయ్యకపోదును," అంది. "ఒకటో తారీఖుకు మీరు గూడ ఖాళీ చేయున్రి."

ధన్‌సింగ్ బట్టలు బ్యాగులో పెట్టుకున్నాడు. మిర్యాలగూడలో దావీదు అనే దోస్తు ఉన్నాడని, అక్కణ్ణుంచి బస్సులో డ్యూటీకి వస్తానని శ్రీజతో చెప్పి దిగిపోయాడు.

"నువ్వు గూడ సదురుకో. ఇంటికి పోదాం," అన్నాడు వెంకట్.

"రేపు డ్యూటీ ఉంది. నేను రాను."

"అమ్మకేమని చెప్పాలె?"

"నేనే చెప్త."

అతను విసురుగా దిగిపోయి బండి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు సందు దాటకముందే సింధు తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, అన్న వస్తున్నడు. ముందు నా మాట ఇను."

తల్లి చివరిదాకా విన్నది. "నీ మీద నాకు నమ్మకముంది. గని ఇంట్ల ఒక మాట చెప్పకపోతివి," అంది. తర్వాత, "వాణ్ణి నేను సముదాయిస్త," అని ఫోన్ పెట్టేసింది.

సింధు, శ్రీజ వేరే ఇంటికి మారారు. వెంకట్ మళ్లీ సింధుతో మాట్లాడేసరికి దసరా దాటింది. ధన్‌సింగ్ ఇంకా మిర్యాలగూడ బస్సులోనే డ్యూటీకి వస్తున్నాడు.