శ్రీ లేని సంతకాలు

హజరత్తయ్యకు రాయడం వచ్చినవి రెండే. ఒకటి తన పేరు, రెండోది ఆ పేరుకు పైన ఒక శ్రీ. అంత చిన్న చదువు మీదకు పంతొమ్మిది లక్షల నోటీసు వచ్చి పడింది.

ముత్తుకూరు అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, కేంద్రం వాళ్ల సముద్ర కాపలా దళానికి ఒక చిన్న స్టేషను ఉంది. దొంగ సరుకు, రాకూడని మనుషులు ఒడ్డెక్కకుండా చూడటం వాళ్ల పని. ఢిల్లీ డబ్బుతో ఒక పడవ వచ్చింది, తెల్లగా, పెళ్లికొడుకులాగా. దాన్ని నడిపే సరంగుగా హజరత్తయ్యను కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పడవ ఇన్ని గంటలు తిరిగింది, ఇంత డీజిలు తాగింది అని ఆఫీసువాళ్లు ఇంగ్లీషులో పుస్తకం నింపుతారు, చివర ఈయన సంతకం పెడతాడు.

తుపాకులు పట్టుకున్న దళమైనా సరే, దాని ఖర్చు సరిచూసే ఆడిట్ వాళ్లు వేరే ఉంటారు. ఆ యేడు వాళ్ల దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పుస్తకం ప్రకారం పడవ రెండొందల అరవై రోజులు తిరిగింది, ఇంజను మీటరు చూస్తే అరవై రోజులకు మించి తిరగలేదు, మిగతా డీజిలు ఎక్కడ అని. ఉత్తరం అందిన వారానికే స్టేషను పెద్ద సుశీల్ కుమార్ హజరత్తయ్య చేతిలో నోటీసు పెట్టాడు. దొంగ సంతకాలు పెట్టి డీజిలు అమ్ముకున్నావు, డబ్బు కట్టు, లేకపోతే ఉద్యోగం పోతుంది, పైన పోలీసు కేసు అని దాని సారాంశం.

"ఎందుకు పెట్టినావయ్యా ఆ సంతకాలు?" అని భార్య చెంచులక్ష్మి తల పట్టుకుంది.

"పెట్టమన్నారు, పెట్టినా. పెట్టకపోతే వచ్చే నెల నుంచి రాబాకన్నారు."

"అమ్ముకున్నావా మరి?"

"నీకు తెలీదా?"

"తెలుసులే. నువ్వు అమ్ముకోనుంటే నా చెవులకు ఈ గిల్టు కమ్మలెందుకు?"

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు. ఆ పూట కంచంలో అన్నం కంచంలోనే ఉండిపోయింది.

సోమవారం ఆడిట్ ఆఫీసరు వచ్చింది. పేరు రేవతి. పెద్ద కారు దిగుతుందనుకుంటే, సుశీల్ కుమార్ పంపిన జీపును కూడా వెనక్కి పంపించి, గుడ్డసంచీ భుజాన వేసుకుని బస్సు దిగి నడిచొచ్చింది. రొయ్యల వేపుడు తెప్పిస్తామంటే, సంచీలోంచి పెరుగన్నం డబ్బా తీసి చూపించింది. మూడు రోజులు వరండాలో బల్ల వేసుకుని పుస్తకాలు చూస్తూనే ఉంది. మొగుడికి అన్నం క్యారియరు తెచ్చే చెంచులక్ష్మి మూడు పూటలూ ఆమెను ఓరగా గమనించింది. బియ్యంలో రాళ్లేరినట్టు ఉంది ఆమె చదివే తీరు. హడావుడి లేదు, ఒక్క గింజనూ వదలడం లేదు.

మూడో రోజు రేవతి ఆయన్ని పిలిచింది.

"హజరత్తయ్య గారూ, కొన్ని సంతకాల మీద శ్రీ ఉంది. చాలావాటికి లేదు. మరిచిపోయారా?"

ఆయన నేల చూపులు చూశాడు. పక్కనే క్యారియరుతో నిలబడిన చెంచులక్ష్మి ఉండబట్టలేకపోయింది.

"ఆయన మరిచే రకం కాదు మేడమా! పాలచీటీ మీద కూడా శ్రీ లేకుండా సంతకం పెట్టడు. ఏందయ్యా, నోట్లో ఏం పెట్టుకోనుండావు? చెప్పు!"

"పడవ నిజంగా కదిలిన రోజు శ్రీ రాసినా," అన్నాడు హజరత్తయ్య మెల్లగా. "కదలని రోజు... అబద్ధం నెత్తిన శ్రీ ఎట్టా పెట్టేది మేడమా? చెయ్యి రాలేదు."

రేవతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. గోడకున్న తెలుగు క్యాలెండరు దించి, శ్రీ ఉన్న తేదీలన్నిటికీ పెన్సిలుతో చుక్కలు పెట్టింది. యాభై ఎనిమిది చుక్కలు. అన్నీ పున్నమికి, అమావాస్యకు అటూ ఇటూనే పడ్డాయి.

"ఇదేమిటి?"

"పోటు మేడమా. మొగలో ఇసుక మేటేసింది. పున్నమికి, అమాసకు నీళ్లు పొంగితేనే పడవ దాటేది. మిగతా దినాలు ఒడ్డునే."

"ఇవాళ తిథి?"

"అష్టమి. చుక్క నీళ్లుండవు."

రేవతి లేచింది. "అయితే ఇవాళే పోదాం పదండి."

ఇంజను సర్వీసులో ఉందని సుశీల్ కుమార్ అడ్డం పడ్డాడు. "పోయిన అష్టమికి ఆరు గంటలు తిరిగినట్టు రాశారు సార్. ఇవాళ అరగంట తిరిగితే చాలు," అంది ఆమె. అందరూ పడవెక్కారు. చెంచులక్ష్మి గట్టు వెంబడి వాళ్లతోపాటు నడిచింది. మొగ దాకా బాగానే పోయింది పడవ. అక్కడ అడుగున గరగరమని, బురదలో గేదెలాగా కూలబడింది.

"కావాలనే ఇసుక మీదికి ఎక్కించాడు!" అని సుశీల్ కుమార్ అరిచాడు.

రేవతి చీర కుచ్చిళ్లు ఎగదోపి, పడవలో ఉన్న గడకర్ర తీసుకుని, నీళ్లలోకి దిగిపోయింది. గట్టు మీద వలలు ఎండేసుకుంటున్న జనం పనులు మానేసి చూశారు. ఈ దరి నుంచి ఆ దరి దాకా కర్ర గుచ్చుకుంటూ మొగ అంతా నడిచింది ఆ మనిషి. నీళ్లు ఎక్కడా నడుము దాటలేదు.

"ఈ పడవకు ఎంత లోతు కావాలి?"

"నాలుగున్నర అడుగులు మేడమా," అన్నాడు హజరత్తయ్య.

"ఇక్కడ మూడు కూడా లేదు." తడిసిన చీరతోనే ఆమె సుశీల్ కుమార్ వైపు తిరిగింది. "ఇదంతా సరంగు ఒక్కడు చేసిన మోసమంటున్నారు. రెండొందల రోజులు ఒడ్డున కట్టేసి ఉన్న పడవ మీ గది కిటికీలోంచి కనిపించలేదా సార్?"

గట్టు మీద ఎవరో ఈల వేశారు.

మర్నాడు ఆమె డీజిలు బంకుకు పోయి వాళ్ల పుస్తకాలు కూడా తిరగేసింది. ఆ రెండొందల రోజుల డీజిలు అసలు బంకు దాటి రాలేదు, బిల్లులు మాత్రమే వచ్చాయి. వెళ్లే ముందు హజరత్తయ్యను కూర్చోబెట్టి కాగితం తీసింది.

"డీజిలు మీరు అమ్మలేదని రాస్తాను. కానీ రెండొందల సార్లు జరగనిదానికి సంతకం పెట్టారు. అదీ రాయాలి. ఇంగ్లీషు రాదు, అందులో ఏముందో తెలియదు అంటే, మీ మాటగా అదే రాసుకుంటాను. మీ ఇష్టం."

"అనేయ్, అట్నే అనేయ్!" అని చెంచులక్ష్మి మోచేత్తో పొడిచింది.

హజరత్తయ్య ఆమె మోచెయ్యి పక్కకు నెట్టాడు. "తెలుసు మేడమా. తెలిసే పెట్టినా. రాసుకోండి."

చెంచులక్ష్మికి ఒళ్లు మండింది. "ఏంది మేడమా ఇది, కాపాడతావనుకుంటే! ఈ ముక్కొకటి రాయకపోతే ఏం పోతుంది?"

"నాకు నచ్చిన నిజమే రాస్తే, నేను రాసేదానికీ ఆ పుస్తకానికీ తేడా ఏముందమ్మా?" అంది రేవతి, కోపం లేకుండా. రాసిందంతా తెలుగులో మెల్లగా చదివి వినిపించి, అప్పుడు గాని సంతకం అడగలేదు.

అయిదు నెలలకు ఉత్తర్వు వచ్చింది. సుశీల్ కుమార్ మీదా, బంకువాడి మీదా కేసు పెట్టారు. మొగలో ఇసుక తీయించాలన్నారు. హజరత్తయ్య మీద దొంగతనం నోటీసు కొట్టేశారు. దొంగ సంతకాలకు మాత్రం మూడు నెలలు జీతం లేకుండా ఇంట్లో కూర్చోమన్నారు. రెండు రోజులు చెంచులక్ష్మి ఆ రేవతిని తిట్టిపోసింది. మూడో రోజు, ఏమనుకుందో ఏమో, ఆ ఉత్తర్వు కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది.

ఒకనాడు వలల వ్యాపారి అల్లాబక్షు గట్టు మీద కనబడి పలకరించాడు.

"ఏం హజరత్తన్నా, డీజిలు దొంగతనమంట గదా, మూడు నెలలు కూర్చోబెట్టినారంటనే?"

"డీజిలు కాదబ్బా," అన్నాడు హజరత్తయ్య, కుడుతున్న వల ఆపకుండా. "దొంగ సంతకాలు. చేసినదానికే వేసినారు, చెయ్యనిదానికి కాదు."

"రెండొందల సంతకాలు!" అని వెనక నుంచి చెంచులక్ష్మి అందుకుంది. "సరిగ్గా చెప్పయ్యా. ఆ యమ్మ ఒక్కోటీ లెక్కబెట్టి రాసింది."