ఖాళీ ఇళ్ళకు నీళ్ళు

తొమ్మిదో అంతస్తులోని ఖాళీ ఇంటి స్నానాలగదిలో గొంతుక్కూర్చుని, వాచ్‌మన్ తాత తూములోకి చెంబెడు నీళ్ళు వంపాడు. గుడగుడమంటూ దిగాయి. ఆ చప్పుడు వింటే ఆయనకు ప్రాణం హాయిగా ఉంటుంది. మోకాళ్ళే లేవమని మొరాయించాయి.

"మనుషుల్లేని ఇంటికి నీళ్ళెందుకు బాబాయ్? దయ్యాలు స్నానం చేస్తాయా?" అని నవ్వాడు వెనకాల నిలబడ్డ కొత్త వాచ్‌మన్. రేపటినుంచి డ్యూటీ అతనిదే.

తాత కూడా నవ్వాడు. పద్నాలుగేళ్ళుగా వింటున్న హాస్యమే. ఈ మేడ కట్టిన మహానుభావుడు పన్నెండు అంతస్తుల స్నానాలగదుల్నీ ఒకే గొట్టానికి తగిలించాడు. తూము కింద వంపులో నీళ్ళు నిలిచినంతకాలం గొట్టంలోని గాలి పైకి రాదు. వాడకంలేని ఇంట్లో ఆ నీళ్ళు ఎండిపోతాయి. అప్పుడా పాడుగాలి రోగాల్ని మోసుకుని ఇంట్లోకొచ్చి, వెలుతురుకని వదిలిన ఇరుకు సందులోంచి పక్కవాళ్ళ కిటికీల్లో దూరుతుంది. అందుకే తాత వారం వారం పదకొండు ఖాళీ ఇళ్ళకు నీళ్ళు పోస్తాడు.

మూడేళ్ళ క్రితం కూతురి పురిటికని వెళ్ళి నెలన్నర ఉండిపోయాడు. ఇంత చిన్న పని ఒకరికి చెప్పాలా అనుకుని ఎవరికీ అప్పగించలేదు. తిరిగొచ్చేసరికి ఆ సందువైపు ఇళ్ళన్నిటా వాంతులు, విరేచనాలు. నాలుగో అంతస్తు చంటిది వారంరోజులు ఆస్పత్రిలో ఉంది. ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆయనకే చాలాకాలం కంటినిండా నిద్ర లేదు. ఈసారి చెప్పకుండా గడప దాటేది లేదు.

ఆరో అంతస్తులో తాళం వేసిన తలుపు ముందు ఆగాడు. ఈ ఇంటాయన రెండు నెలల క్రితం ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి పట్టుకుపోయాడు.

"వంగి, తలుపు సందులో వాసన చూడు."

కొత్త వాచ్‌మన్ వంగాడు, వెంటనే ముక్కు మూసుకుని వెనక్కి గెంతాడు. "అమ్మబాబోయ్! ఏంటిది?"

"నీ దయ్యం. చెవి రేపు పంపిస్తానన్నాడు. రాగానే చెంబు పట్టుకుని పరిగెత్తు. సందువైపు చంటిపిల్లలున్నారు నాయనా."

ఈసారి అతను నవ్వలేదు. "పోస్తాలే బాబాయ్. నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

దిగుతుంటే నాలుగో అంతస్తు పిల్ల, ఆనాటి చంటిదే, తల్లి చెయ్యి విడిపించుకుని మెట్లమీద దూకుతోంది. తాతకు మనసు నిండిపోయింది. సాయంత్రం కూతురు ఆటో తెస్తే, సంచీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు చెవి వచ్చింది. కొత్త వాచ్‌మన్ ఆరో అంతస్తుకు వెళ్ళి, ఒకటికి రెండు చెంబులు పోసి, ఆ తాళంచెవిని ఎక్కడ పెట్టాలో తెలియక కింద వాచ్‌మన్ గదికొచ్చాడు. గోడమీద పదకొండు తాళంచెవుల పక్కన, తాత వెళ్ళేముందు కొట్టిన కొత్త మేకు ఖాళీగా మెరుస్తోంది.