అంచుదాకా రాని పాలు

నేను ఒక ఇత్తడి గిన్నెను. అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని గుండ్రబడ్డాను. లోపల కళాయి పూయించుకుని తణుకులో ఒక కొట్టుకు చేరాను. అక్కడ నన్ను ఏరుకున్నది వసుంధర. వేలితో తట్టి, మోత విని, "ఇదే ఇవ్వండి. కొత్తింట్లో పాలు పొంగించాలి" అంది.

ఆమె భర్త సుందరరామం మాస్టారు. ఇద్దరూ ఇరవై ఏళ్లు అద్దె ఇళ్లలో గడిపారు. ఇల్లు కొందామంటే, ముందుగా కట్టడానికి చేతిలో సొమ్ము లేక ఏ బేరమూ కుదరలేదు. చివరికి కాంతమ్మ గారనే పెద్దావిడ తన పెంకుటిల్లు చూపించి, "బయానా వద్దు మాస్టారూ. నెలనెలా ఇస్తూ ఉండండి. తీరాక రిజిస్ట్రేషన్ చేస్తాను" అని తాళంచెవి వసుంధర చేతిలో పెట్టింది.

ఇంట్లో దిగిన రోజే వసుంధర నన్ను పొయ్యి మీద పెట్టబోయింది. మాస్టారు ఆపారు.

"రిజిస్ట్రేషన్ కాకుండానా? పరీక్ష రాయకముందే మార్కులు వేసుకుంటామా?"

"అద్దెకు దిగినవాళ్లు కూడా పొంగిస్తారండీ."

"అద్దెకైతే సరే. ఇది సొంతిల్లు. సొంతమయ్యాకే చేద్దాం."

"మీ బళ్లో పిల్లలు మీతో ఎలా వేగుతున్నారో గాని!" అని నవ్వి, నన్ను పాత చీరలో చుట్టి అటక ఎక్కించింది.

మనుషుల నిజాయితీ చిత్రమైనది. ఎవరూ అడగని చోట కూడా కాపలా కాస్తుంది.

ఏటా దసరాకు నన్ను దించేది. చింతపండుతో తోమి, తుడిచి, మాస్టారి ముందు పెట్టేది. "ఈ ఏడాదైనా?" అంటే, "ఇంకా నాలుగేళ్లేగా" అనేవారు. మరుసటేడు, "ఇంకా మూడేళ్లే." నేను మళ్లీ అటక మీదికి. వసుంధర గోడలకు సున్నం వేయించింది, పెరట్లో కరివేపాకు పెంచింది. ఎవరైనా వచ్చి "ఇల్లు మీదేనా?" అంటే మాత్రం ఒక క్షణం ఆగి, "అవుతుంది" అనేది.

ఎనిమిదో ఏటి దసరాకు నన్ను ఎవరూ దించలేదు. శ్రావణంలో జ్వరమని పడుకున్న వసుంధర మళ్లీ లేవలేదు.

రిజిస్ట్రేషన్ ఆ తర్వాత పదకొండు నెలలకు అయింది. కాగితాలతో మాస్టారు, చేతికర్రతో కాంతమ్మ గారు కలిసి వచ్చారు. నా ఒళ్లంతా చిలుము. మాస్టారే తోమారు. తోమడం రాక పంచె నిండా మరకలు చేసుకున్నారు. పాలు పోసి పొయ్యి వెలిగించారు.

"అమ్మాయి ఆ రోజే పొంగించేసిందనుకున్నాను" అంది కాంతమ్మ గారు.

"నేనే వద్దన్నానమ్మా. ఇల్లు ఇంకా మాది కాలేదని."

"అదేంటి మాస్టారూ! మరి తాళంచెవి ఎందుకిచ్చాననుకున్నారు?"

మాస్టారు పొయ్యి వైపు తిరిగారు. పాలు లేచాయి. ఇంకొక్క అంగుళం. జీవితంలో ఒక్క చుక్క ఒలకనివ్వని ఆ చెయ్యి, తనంతట తానే వెళ్లి మంట ఆపేసింది. పాలు కుంగిపోయాయి. ఆయన ఆ చేతిని చాలాసేపు చూసుకున్నారు. పొయ్యి మళ్లీ వెలిగించలేదు.

ఇప్పుడు వంటింటి గూట్లో ఉంటున్నాను. నా లోపల, అంచుకు అంగుళం కింద, పాలు ఎండిన గీత ఒకటుంది. పనిమనిషి తోమబోతే మాస్టారు వద్దంటారు.

మొన్న కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి, "ఇల్లు మీదేనాండీ?" అని అడిగాడు.

మాస్టారు ఒక క్షణం ఆగి, "మా ఆవిడది" అన్నారు.